ఓదెలు గిలక మీద పద్దెనిమిది పేపర్లు

పంజాల ఓదెలు గౌడ్ మాట తక్కువ మనిషి. పొద్దున్నే మోకు నడుముకు కట్టుకుని తాటిచెట్టెక్కితే పైన మాట్లాడటానికి ఎవరూ ఉండరు గదా, ఆ అలవాటు కిందికి దిగాక కూడా అలాగే ఉండిపోయింది. ముప్పై ఏళ్ళుగా రోజుకు ఇరవై రెండు చెట్లు ఎక్కి దిగుతున్న ఆ మనిషికి ఆ ఏడు బతుకమ్మ పండగ ముందర కుడి గజ్జలో నిమ్మకాయంత ఉబ్బు లేచింది. పడుకుంటే లోపలికి పోయేది, దగ్గితే బయటికి వచ్చేది. ఇంటికొచ్చిన చుట్టం కదా, నాలుగు రోజులుండి పోతుందిలే అన్నట్టు ఓదెలు దాన్ని పట్టించుకోలేదు. దసరా నాటికి చుట్టం జామకాయంత అయింది. ఎండుమట్టలు కొట్టడానికి చెట్టెక్కి మోకు బిగించగానే కళ్ళు బైర్లు కమ్మి, సగం చెట్టు నుంచి పాకుతూ దిగి, గంటసేపు గట్టు మీద కూర్చున్నాడు.

ఊళ్ళో అది గిలక అన్నారు, డాక్టర్ల భాషలో హెర్నియా. పెద్దాసుపత్రికి పోయి కోయించుకొమ్మన్నారు.

కోతకు ఓదెలు భయపడలేదు. భయమల్లా చెట్ల గురించే. వాళ్ళ గీత సంఘంలో ఒక కట్టు ఉంది. శివరాత్రి నాటికి ఎవరి చెట్లకు వాళ్ళు లొట్లు, అంటే కల్లు పట్టే కుండలు, కట్టాలి. కట్టనివాడి చెట్లు ఇంకొకరికి పోతాయి, మళ్ళీ తిరిగి రావు. అందులో కక్షేమీ లేదు. తాటిగెల మనిషి కోసం ఆగదు, రోజూ చెక్కకపోతే ఎండి ఊరుకుంటుంది. ఆ ఇరవై రెండు చెట్లూ ఓదెలు తాత గీసినవి, తండ్రి గీసినవి. అందులో మూడోదాని మీది నుంచే తండ్రి ఒకనాడు తాగి పడి ప్రాణం విడిచాడు. అదే చెట్టు మొదట్లో నిలబడి, పదిహేనేళ్ళ ఓదెలు కల్లు గీస్తాను గాని నాలుక మీద చుక్క వేసుకోనని ఒట్టు పెట్టుకున్నాడు. అప్పటినుంచీ ఊరంతటికీ తాపించి, తాను చెంబెడు మంచినీళ్ళు తాగి ఇంటికి పోతున్నాడు.

జిల్లా పెద్దాసుపత్రికి అనుబంధంగా మెడికల్ కాలేజీ ఉంది, లేదా కాలేజీకి అనుబంధంగా ఆసుపత్రి ఉంది. ఏది దేనికి అనుబంధమో అప్పటికి ఎవరికీ పట్టింపు లేదు. మగవాళ్ళ సర్జరీ వార్డులో పదకొండు మంచాలు. ఓదెలుకు తొమ్మిదోది దొరికింది. సర్జరీ పెద్ద డాక్టరు ఇందుమతి వచ్చి, రెండు వేళ్ళు గజ్జ మీద పెట్టి, "దగ్గు" అంది. ఓదెలు దగ్గాడు. "గురువారం కోద్దాం. ఆ తర్వాత రెండు నెలలు చెట్టెక్కొద్దు" అంది. అంతే, పదో మంచానికి పోయింది. ఆమె మాటలు కూడా తక్కువే కావడం ఓదెలుకు నచ్చింది. మాటల కంటే ఆమె వేళ్ళు నచ్చాయి. ఎంత నొక్కాలో అంతే నొక్కాయి. గెల చెక్కేవాడికి ఉండాల్సిన చెయ్యి అది. ఒక వెంట్రుకంత ఎక్కువ చెక్కినా గెల పాడవుతుంది, తక్కువ చెక్కినా కల్లు కారదు.

ఓదెలు వేళ్ళు మడిచి లెక్క వేసుకున్నాడు. డిసెంబరు నెలాఖరులోపు ఎప్పుడు కోసినా శివరాత్రికి తాను చెట్టు మీద ఉంటాడు. ఇంకా అక్టోబరే.

సాయంత్రం సిస్టర్ ఫిలోమినా వచ్చి ఫారం నింపుకుంది. ఏం పని చేస్తావంటే కల్లుగీత అన్నాడు. తాగుతావా అంటే లేదన్నాడు. ఆమె కళ్ళద్దాల మీదుగా చూసి మళ్ళీ అడిగింది. మళ్ళీ లేదన్నాడు. మూడోసారి కూడా అదే మాట అనేసరికి, ఆమె ఒక నిట్టూర్పు విడిచి రాసుకుంది. ఓదెలు ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాడు, ఆ ఒక్కసారి అబద్ధమాడి ఉంటే అక్టోబరులోనే ఇంటికి పోయేవాణ్ణి గదా అని.

బుధవారం నాడు ప్రిన్సిపాల్ డాక్టర్ విద్యాధర్ ఏదో అంతర్జాతీయ సదస్సు నుంచి తిరిగొచ్చాడు. వస్తూ ఒక గ్రాఫు తెచ్చాడు. దాన్ని తలుపంత పెద్దగా అచ్చు వేయించి, ఇద్దరు మనుషుల చేత మోయించుకుని, తిన్నగా సర్జరీ వార్డుకే వచ్చాడు. రోగులు కూడా ఈ మహాయజ్ఞంలో భాగస్వాములే కాబట్టి వాళ్ళ సమక్షంలోనే మాట్లాడతానన్నాడు. ఓదెలు మంచం కాళ్ళ దగ్గర గ్రాఫు నిలబెట్టారు.

ఎక్కడో ఆఫ్రికాలో ఒక విశ్వవిద్యాలయం ఉందట. అక్కడి మెడిసిన్ విభాగం, సర్జరీ విభాగం ముప్పై ఏళ్ళలో ఏ ఏడు ఎన్ని పరిశోధన పత్రాలు రాశాయో వాళ్ళే లెక్కగట్టి, ఆ లెక్క మీద ఇంకో పత్రం రాశారట. గ్రాఫు కింద ఎడమ మూల నుంచి పైన కుడి మూలకు ఎక్కుతోంది. ప్రిన్సిపాల్ దాన్ని వేలితో రాస్తూ కిందినుంచి పైదాకా పోయాడు. ఓదెలుకు ఆ ఎక్కుడు చూడ్డానికి బాగానే ఉంది. అయితే సర్జరీ వాళ్ళ గీత మధ్యలో ఒకచోట అమాంతం కిందికి పడిపోయి మళ్ళీ లేచింది. చెట్టు మీద అట్లా కాలు జారితే మనిషి దక్కడు. అక్కడ ఏమైందో అడగాలనిపించింది గాని, మనకెందుకులే అని ఊరుకున్నాడు.

తర్వాత ప్రిన్సిపాల్ మన కాలేజీ లెక్క చదివాడు. గత ఏడాది మెడిసిన్ విభాగం నలభై ఒక్క పత్రాలు. సర్జరీ మూడు.

"కారణం ఏమిటి, డాక్టర్ ఇందుమతీ?"

"మేము కోస్తున్నాం సార్."

"అదే సమస్య."

ఆయన ఎంతో ఓర్పుగా వివరించాడు. మెడిసిన్ వాళ్ళ రోగికి బీపీ ఉంటుంది, షుగరుంటుంది. అది ఇవాళ ఉంటుంది, రేపు ఉంటుంది, ఇరవై ఏళ్ళుంటుంది. ఏడాదికి రెండు పత్రాలు వేసుకున్నా మనిషికి నలభై. సర్జరీ వాళ్ళేమో గురువారం కోసి సోమవారం ఇంటికి పంపేస్తున్నారు. రోగితోపాటు సమాచారం కూడా గేటు దాటిపోతోంది. నయమైన రోగి మీద ఎవరైనా ఏం రాస్తారు? ఇది సంస్థాగత వనరుల దుర్వినియోగం తప్ప మరొకటి కాదు.

మధ్యాహ్నానికి సర్క్యులర్ వచ్చింది. సిస్టర్ ఫిలోమినా దాన్ని గోడకు అంటించి, రూలు ప్రకారం బిగ్గరగా చదివింది. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ప్రతి రోగి యొక్క పరిశోధనా సామర్థ్యమును పూర్తిగా వినియోగించుకొనక మునుపే సదరు రోగిని నయము చేయుట క్రమశిక్షణా ఉల్లంఘనగా పరిగణించబడును. ఒక్కొక్క రోగిపై కనీసము ఐదు పత్రములు వెలువడిన పిమ్మట మాత్రమే శస్త్రచికిత్సకు అనుమతి కోరవలెను."

పదో మంచం మీద ఖాజామియా అని సైకిళ్ళ పంక్చర్లు వేసే మనిషి ఉన్నాడు. వీపు మీద కొవ్వు గడ్డ తీయించుకోవడానికి వచ్చాడు. అంతా విని, "గౌడ్ సాబ్, గిప్పుడు మనం రోగులమా, పంటనా?" అని అడిగాడు. గురువారం గడిచిపోయింది.

ఆ తర్వాత వార్డులోకి కత్తులు రావడం తగ్గి టేపులు రావడం ఎక్కువైంది. చిన్న డాక్టర్లు ఇద్దరిద్దరుగా వచ్చి ఓదెలు గిలకను పొద్దున కొలిచేవాళ్ళు, అన్నం తినకముందు కొలిచేవాళ్ళు, తిన్నాక కొలిచేవాళ్ళు. పడుకోబెట్టి దగ్గమనేవాళ్ళు, నిలబెట్టి దగ్గమనేవాళ్ళు. ఒక కాలు మీద నిలబడి దగ్గితే ఎట్లా ఉంటుందో ప్రపంచంలో ఇంతవరకూ ఎవరూ రాయలేదని తెలిసి, వాళ్ళు ఎంతో సంబరపడి, ఓదెలును ఒక కాలు మీద నిలబెట్టారు. చెట్టెక్కే మనిషి కనుక అతను కొంగలా కదలకుండా నిలబడ్డాడు. అది ఇంకో పత్రమైంది. దగ్గి దగ్గి ఓదెలుకు నిజంగానే దగ్గు పట్టుకుంది. దాన్ని చూడటానికి వచ్చిన మెడిసిన్ విభాగం వాళ్ళకూ సర్జరీ వాళ్ళకూ ఆ దగ్గు మాదంటే మాదని పెద్ద వాగ్వాదం జరిగి, చివరికి ఉమ్మడి పత్రం వేసుకునేట్టు రాజీ కుదిరింది.

నవంబరు మొదటివారానికి ఓదెలు మీద ఐదు పత్రాలు పూర్తయ్యాయి. నోరు తెరిచి అడగడం అతనికి కష్టమే, అయినా అడిగాడు. చిన్న డాక్టరు నవ్వి, ఐదు పూర్తయిన రోగిని కోయడానికి పదమూడు సంతకాలు కావాలనీ, ఆరో పత్రం రాయడానికి ఏ సంతకమూ అక్కర్లేదనీ చెప్పాడు.

ఈలోగా ఇంకో ఉపద్రవం వచ్చిపడింది. ఫారాలన్నీ తిరగేస్తూ ప్రిన్సిపాల్ ఓదెలు ఫారం దగ్గర ఆగిపోయాడు. కల్లు గీస్తాడు, కల్లు తాగడు. అటువంటి గిలక రోగి వైద్య చరిత్రలోనే నమోదు కాలేదట. మర్నాడు ఆయన స్వయంగా వచ్చి ఓదెలుకు పూలదండ వేసి, 'సంస్థాగత విశిష్ట రోగి' అని ప్రకటించాడు. విశిష్ట రోగిని కోయడం ఎలా ఉంటుందంటే, కాలేజీ లైబ్రరీని తగలబెట్టినట్టుంటుందని చెప్పాడు. ఓదెలు ఫోటో తీసి వార్డు గుమ్మం మీద పెట్టారు. ఫోటోలో ముఖం లేదు. గజ్జ మాత్రమే ఉంది.

ఆ ఆదివారం బామ్మర్ది సదయ్య సద్దిగిన్నె తీసుకుని వచ్చి, గుమ్మం దగ్గర ఫోటో చూసి, "బావా, గిదేందో గుట్ట ఫోటో పెట్టిండ్రు. ఏ ఊరిదది?" అని అడిగాడు. ఓదెలు నోట్లో ముద్ద పెట్టుకున్నాడు. ఖాజామియా చెప్పాడు. సదయ్య మళ్ళీ గుమ్మం దాకా పోయి, ఇంకోసారి చూసి వచ్చి, "అక్కకైతే నేను జెప్పను" అన్నాడు. సంఘంలో మాటలు మొదలయ్యాయని కూడా చెప్పాడు. మూడో చెట్టును ఇద్దరు అప్పుడే కన్నేసి చూస్తున్నారట.

డిసెంబరు వచ్చింది. ఆపరేషన్ థియేటర్లో వెలుతురు బాగుంటుందనీ, ఏసీ కూడా ఉందనీ, అది ఎలాగూ ఖాళీయేననీ దాన్ని 'పరిశోధనా రచన కేంద్రం' చేశారు. కోతబల్ల మీద కంప్యూటరు పెట్టారు. పెద్ద దీపం కింద సర్జన్లు వరుసగా కూర్చుని, చేతులు పాడవకుండా గ్లౌజులు తొడుక్కుని టైపు కొట్టేవాళ్ళు. అర్జెంటు కేసులు వస్తే, అర్జెంటు రోగం పరిశోధనకు సహకరించదని, నలభై కిలోమీటర్ల అవతలి ఇంకో ఆసుపత్రికి అంబులెన్సులో పంపేవాళ్ళు. ఆ అంబులెన్సు ప్రయాణాల మీద ఏడు పత్రాలు వచ్చాయి. ఇంకెన్నాళ్ళని రోగులు గొణిగితే, ఆ గొణుగుడు రికార్డు చేసుకుని 'నిరీక్షణలో రోగి మనోభావాలు' అని ఒకటి రాశారు. ఇందుమతి మాత్రం ఏ పత్రం మీదా పేరు పెట్టించుకోలేదు. పొద్దున్నే వచ్చి, మంచం మంచానికీ ఆగి, రెండు వేళ్ళు పెట్టి చూసి, ఏమీ అనకుండా పోయేది. ఆమె ఆ వేళ్ళను కోటు జేబులో ఒకదానితో ఒకటి రుద్దుకోవడం ఓదెలు గమనించాడు. తనకూ అంతే. నెలల తరబడి కత్తి పట్టకపోతే వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కుతాయి.

ఖాజామియా గడ్డ మీద పదకొండు పత్రాలయ్యాయి. "నా గడ్డ పేపర్ల విదేశం వోయింది గౌడ్ సాబ్. నేను మా మండలం దాటలే" అని అతను నవ్వేవాడు. అయితే ఈమధ్య బోర్లా పడుకోవడం తప్ప ఇంకో తీరున పడుకోలేకపోతున్నాడు. నవ్వు కూడా దిండులోకే నవ్వుతున్నాడు.

ఓదెలు రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు. నెలాఖరుకు ఇంకా పదహారు రోజులు.

ఆ రోజు ఆఫ్రికా నుంచి ఉత్తరం వచ్చింది. అంతకుముందు ప్రిన్సిపాల్ ఆ విశ్వవిద్యాలయానికి ఒక ఉత్తరం రాశాడట. మీ అభివృద్ధి రహస్యం తెలుపగలరు, అలాగే మధ్యలో ఒక ఏడాది మీ సర్జరీ విభాగం ఎందుకు దిగజారిందో కూడా తెలిపితే ఆ పొరపాటు మేము చేయకుండా జాగ్రత్తపడగలం అని. జవాబు నాలుగే వాక్యాలు. ప్రిన్సిపాల్ దాన్ని 'తగు చర్య నిమిత్తం' అని రాసి ఇందుమతికి పంపాడు. రౌండ్సుకు వచ్చినప్పుడు ఆమె చేతిలోనే ఉంది. ఓదెలు మంచం దగ్గర ఆగి, ఏమనుకుందో ఏమో, తెలుగులో చెప్పింది.

"ఆ ఏడు పక్క దేశంలో యుద్ధం వచ్చిందట. గాయపడ్డవాళ్ళు వేలమంది వచ్చారట. రాత్రింబగళ్ళు కోశాం, కుట్టాం, రాసే తీరిక దొరకలేదు అంటున్నారు." ఆమె కాగితం మడిచింది. "గ్రాఫులో మాకు ఎక్కువ ఇష్టమైన చోటు అదే అని రాశారు."

ఇందుమతి కాసేపు కిటికీ వైపు చూసింది. తర్వాత సిస్టర్‌ను అడిగి పరిశోధన నిబంధనల పుస్తకం తెప్పించింది. ఎవరెవరు పరిశోధనకు పనికిరారో ఆ జాబితా ఉన్న పేజీ తీసి, రోగులకు తమ హక్కులు తెలియజేయడం డాక్టరు బాధ్యత అని ఎవరితోనూ కాకుండా అని, నిదానంగా చదవసాగింది. పద్దెనిమిదేళ్ళు నిండనివారు. గర్భిణులు.

"గౌడ్ సాబ్, రెండోది జర జూడరాదు" అన్నాడు ఖాజామియా దిండులోంచి.

మతి స్థిమితం లేనివారు. ఇతర రాష్ట్రాలవారు. అలా ఐదూ ఆరూ చదివింది. ఏడో దగ్గర, మద్యము లేదా కల్లు సేవించువారు అని చదివి, ఆగింది. కళ్ళద్దాలు తీసింది, కోటు అంచుతో తుడిచింది, వెలుతురుకు పట్టి చూసింది, మళ్ళీ తుడిచింది. తర్వాత ఎనిమిదోదానికి పోయింది. జాబితా అయ్యాక, పనికిరారని తేలినవారిని ఆరు నెలల దాకా మళ్ళీ ఏ పరిశోధనలోనూ చేర్చుకోరాదు, వారికి మామూలు వైద్యం చేసి పంపవలెను అనే వాక్యం కూడా చదివింది. పుస్తకం మూసి సిస్టర్‌కు ఇచ్చి, పదో మంచానికి పోయింది.

ఓదెలు చెట్టు మీది నుంచి చూసి కింద పొలంలో ఎవరి నీళ్ళు ఎటు పోతున్నాయో చెప్పగల మనిషి. ఆ కళ్ళద్దాలు ఎందుకు అంతసేపు తుడవాల్సి వచ్చిందో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

అయితే ఒట్టు ఉంది. ఆ పగలంతా మంచం మీద పడుకుని తండ్రిని తలుచుకున్నాడు. తండ్రి మూడో చెట్టు మొదట్లో కూర్చుని, చుట్ట కాలుస్తూ, ఏమీ అనకుండా కొడుకు వైపు చూస్తున్నట్టు అనిపించింది. చెట్లు పోతే ఆయనకు కూర్చోవడానికి చోటెక్కడిది అని కూడా అనిపించింది.

సదయ్య వచ్చినప్పుడు రేపు ఒక లొట్టి తెమ్మన్నాడు. సదయ్య బావ ముఖంలోకి తేరిపార చూసి, సిస్టర్ దగ్గరికి పోయి, మా బావకు తలకాయలో గూడ ఏమన్న కొలుస్తున్నరా అని అడిగి వచ్చాడు. ఓదెలు మళ్ళీ అదే మాటన్నాడు. ఇది తాటికల్లు కాలం కాదు, ఈతకల్లే దొరుకుతుందన్నాడు సదయ్య. ఏదైనా కల్లే కదా అన్నాడు ఓదెలు. ముప్పై ఏళ్ళ వృత్తిలో అతను అలాంటి మాట అనడం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి, చిన్న డాక్టర్లు టేపులతో రాకముందే, ఓదెలు మంచం మీద కూర్చుని లొట్టి చేతిలోకి తీసుకున్నాడు. మంచాలన్నీ అటే చూస్తున్నాయి. సిస్టర్ ఫిలోమినా గోడ వైపు తిరిగి, సర్క్యులర్ కొత్తగా వచ్చినట్టు చదువుకోసాగింది.

"నాయినా, గిది తాగుడు గాదు. డిశ్చార్జి కాయితం" అన్నాడు ఓదెలు మెల్లగా, మూడో చెట్టు ఉన్న దిక్కుకు తిరిగి.

గటగటా తాగేశాడు. నురుగు మీసాలకంటుకుంది. తీయగా, పుల్లగా, కొంచెం పాత గోనెసంచి వాసనతో ఉంది. దీనికోసమా ఊరు ఊరంతా రోజూ పొద్దున్నే గట్టు మీద కూర్చుని నా కోసం ఎదురుచూసేది అనుకున్నాడు. రెండో గుక్కకు, పోనీలే, వాళ్ళ తప్పేం లేదు అనుకున్నాడు.

అరగంటలో ప్రిన్సిపాల్ పరుగెత్తుకొచ్చాడు. విచారణ సంఘం వేశాడు, అందులో తానే అధ్యక్షుడు, తానే సభ్యుడు. నోటి వాసన పట్టే యంత్రం రచన కేంద్రంలో కాగితాలు ఎగరకుండా బరువుగా ఉంది, తీస్తే చెదురుతాయన్నారు. అందువల్ల ప్రిన్సిపాల్ తానే వంగి ఓదెలు ముఖం దగ్గర వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. లొట్టి కూడా తీసి వాసన చూశాడు. ఆయన ముఖం చితికిపోయింది.

"పద్దెనిమిది పత్రాలు మీ మీద. మీకిది న్యాయమేనా ఓదెలూ?" అన్నాడు. ఓదెలుకు జాలేసింది. కల్లు తాగితే జాలి ఎక్కువవుతుందని అతనికి అప్పుడే తెలిసింది.

అంతలోనే ప్రిన్సిపాల్ తేరుకున్నాడు. నలభై అయిదేళ్ళ వయసులో తొలిసారి కల్లు తాగిన గీత కార్మికుడి గిలక కూడా చరిత్రలో లేదు కదా, దాని మీద ఒక ఇరవై రావచ్చు అన్నాడు. ఇందుమతి నిబంధనల పుస్తకం చివరి వాక్యం ఆయన ముందు పెట్టింది. పనికిరాడని తేలినవాణ్ణి ఆరు నెలల దాకా చేర్చుకోరాదు. కింద ఉన్న సంతకం ఎవరిదని అడిగింది. ప్రిన్సిపాల్ చూసుకున్నాడు. తనదే. సిస్టర్ ఫిలోమినా దగ్గర 'పరిశోధనకు పనికిరాడు' అనే రబ్బరు ముద్ర ఉంది. ఎప్పుడూ వాడకపోవడంతో ఎండిపోయింది. ఆమె దాన్ని రెండుసార్లు నోటితో ఊది, ఫారం మీద గట్టిగా వేసింది. ఓదెలు పేరు మీద నీలం రంగు పడింది. తన జన్మలో తనకు దొరికిన పెద్ద బిరుదు అదేనని ఓదెలుకు అనిపించింది.

డిసెంబరు పంతొమ్మిది, పొద్దున ఎనిమిది, పరగడుపు. కోతబల్ల మీది కంప్యూటరును కిందికి దించారు. దీపం కింద టైపు కొడుతున్న ఇద్దరు సర్జన్లు, ఇంత వెలుతురు మళ్ళీ ఎక్కడ దొరుకుతుందని గొణుక్కుంటూ లేచారు. వెన్నులో సూది వేశాక నడుము కింద ఏమీ తెలియలేదు గాని, పై దీపం అద్దంలో ఇందుమతి చేతులు కనిపిస్తూనే ఉన్నాయి. ఓదెలు కన్నార్పకుండా చూశాడు. పలుచగా, పొర పొరగా, ఒక వెంట్రుక ఎక్కువ లేదు, తక్కువ లేదు. నలభై నిమిషాల్లో అయిపోయింది. చేతులు కడుక్కుంటూ ఆమె ఏదో పాట కూనిరాగం తీసింది. థియేటర్లో అందరూ తలెత్తి చూశారు.

నాలుగో రోజు ఆమె వచ్చి, రెండు వేళ్ళు పెట్టి, "దగ్గు" అంది. ఓదెలు దగ్గాడు. ఏమీ బయటికి రాలేదు. "ఇక పో" అంది. పోయేముందు ఓదెలు ఖాజామియా మంచం దగ్గర కాసేపు నిలబడ్డాడు. "పొండ్రి గౌడ్ సాబ్. నేను దాగను, నాకు దారి లేదు" అన్నాడు ఖాజామియా దిండులోంచి, నవ్వుతూనే.

శివరాత్రికి ఓదెలు ఇరవై రెండు చెట్లకూ లొట్లు కట్టాడు. మూడోదానికి ముందు కట్టాడు.

అది జరిగిన వారానికి, పొలాల మధ్య దారిలో తెల్ల జీపు వచ్చింది. ఓదెలు మూడో చెట్టు మీద గెల చెక్కుతున్నాడు. జీపులోంచి ప్రిన్సిపాల్ దిగాడు, ఇద్దరు చిన్న డాక్టర్లు దిగారు, టేపులు దిగాయి. కింద ఉన్న సదయ్యకు వాళ్ళు సంగతి చెప్పారు. ఆ ఏడు సర్జరీ విభాగం అరవై మూడు పత్రాలు రాసి ఆఫ్రికాను దాటిపోయిందట. అయితే విదేశీ పత్రిక వాళ్ళు ఒక కొర్రీ వేశారట. కోయకుండా ఉంచినవాళ్ళ సంగతి బాగా రాశారు, కోసినవాళ్ళు ఎలా ఉన్నారో కూడా పక్కన చూపించండి అని. వెతికితే ఆ కాలమంతటికీ కోసింది ఒక్కణ్ణే. చేర్చుకోరాదనే నిబంధనను ఈ ఒక్క విషయంలో సడలించారట, ఆ సడలింపు కూడా ప్రిన్సిపాలే చేశాడట.

"ఓదెలు గారూ, ఎలా ఉంది?" అని ప్రిన్సిపాల్ చేతులు నోటి చుట్టూ పెట్టుకుని అడిగాడు. గారు అనడం అదే మొదలు.

ఓదెలు కిందికి చూశాడు. ఇంత ఎత్తు నుంచి ప్రిన్సిపాల్ కూడా నిమ్మకాయంతే ఉన్నాడు.

"ఒక్కసారి దగ్గితే చాలు. ఇక్కడినుంచే రాసుకుంటాం."

ఓదెలు దగ్గలేదు. గెల మీద ఇంకో పొర తీశాడు. తర్వాత నిదానంగా అన్నాడు. "పైకి రాండ్రి సారూ. ఈడ గూసొని జెప్త."

ముగ్గురూ చెట్టు వైపు చూశారు. ఒక చిన్న డాక్టరు టేపును చెట్టు మొదలుకు ఆనించి పైకి చాచి చూశాడు. ఐదడుగుల దగ్గర ఆగిపోయింది. కాసేపు తర్జనభర్జన పడి, చివరికి ఫారంలో 'రోగి అందుబాటులో లేడు' అని రాసుకున్నారు. ఆ పత్రం తర్వాత అచ్చయింది. శస్త్రచికిత్స పొందినవారిలో నూటికి నూరుమంది పరిశోధనకు అందకుండా పోతున్నారనీ, రోగుల మేలు కోరి కోతలను మరింత తగ్గించడం మంచిదనీ అందులో తేల్చారు.

జీపు దుమ్ము అణిగాక ఓదెలు దిగాడు. నిండిన లొట్టి కింద పెట్టి, చెయ్యి తుడుచుకుని, గట్టు మీద కూర్చుని వేళ్ళు మడిచి ఏదో లెక్క వేసుకున్నాడు. ఏం లెక్క బావా అంటే, మంచాలు అన్నాడు. తన మంచంలో కూడా ఈపాటికి ఎవరో ఒకరు చేరే ఉంటారు.

"పట్నం వోయేదున్నదా నీకు?" అని సదయ్యను అడిగాడు. రేపు పోవాలన్నాడు సదయ్య.

"సర్జరీ వార్డుల పదకొండు మంచాలు. పది లొట్లు నింపుకొని వో. సిస్టరమ్మకు జెప్పి ఇయ్యి, ఆమె గోడ దిక్కు జూస్తది."

"మరి పదకొండోది?"

"పదో మంచం ఖాజన్నది. ఆయన దాగడు." ఓదెలు గట్టు మీద పడి ఉన్న ఖాళీ లొట్టి ఒకటి తీసుకుని, మూతి దగ్గర వాసన చూసి, కడగడానికి సదయ్య చెయ్యి చాస్తే వెనక్కి లాక్కున్నాడు.

"కడగకు. గట్లనే తీస్కపోయి ముఖం పక్కన వెట్టు. ఆ సారు వాసనే జూస్తడు."